ఒకవైపు సున్నం

మా సమాధుల తోటలో నడుమెత్తు గోడ ఒకటుంది.
మిర్చి యార్డు గాలి ఇటు తిరిగిందంటే
గోడకి రెండు వైపులా ఒకటే ఘాటు,
రెండు వైపులా ఒకటే తుమ్ము.
గుంటూర్లో ఇన్నేళ్ళూ మేం పంచుకున్నది అదొక్కటే.

స్థలం మా తాత గాదె చిన్నప్పరెడ్డి రాసిచ్చాడు.
ఆ సంగతి మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు.
గోడ ఎవరు కట్టించారో మాత్రం
ఎవరికీ గుర్తులేదు.

గురువారం సాయంత్రం, జపమాల అయ్యాక,
కొత్తగా వచ్చిన ఫాదరు మా తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి
ఒకటే అడిగాడు:
గుళ్ళో మీ కులం మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది?

మా ఇంట్లో అలాంటివి లేవు ఫాదర్,
అన్నాను, అందరికంటే ముందు.

పెద్దాసుపత్రి నర్సు సువార్త
బల్ల మీద గోటితో గీస్తూ చెప్పింది:
"నాకు ఆరేళ్ళు. సత్ప్రసాదం వరసలో ఉన్నా.
ఈ అక్కావాళ్ళమ్మగారు నన్ను భుజం పట్టుకుని
మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి జరిపారు.
చేతికి గంధం సబ్బు వాసన."

ఆ సబ్బు నాకు తెలుసు.
బీరువాలో చీరల మడతల్లో దాచేది అమ్మ.
ఆ చెయ్యి తల కింద పెట్టుకుని
ఎన్ని రాత్రులు నిద్రపోయానో.

ఆ రాత్రి నిద్ర రాలేదు.
దొడ్లో జామకొమ్మకి బోర్లించిన సత్తుగ్లాసు
నలభై ఏళ్ళ తర్వాత తళుక్కుమంది.
దీనమ్మ గ్లాసు అనేవాళ్ళం.
గ్లాసుకి మనిషి పేరు పెట్టి
అది ప్రేమే అనుకున్నాం.
దీనమ్మ గుడి ఊడ్చేది.
దీనమ్మ కూతురే సువార్త.

ఆత్మల పండుగ ముందురోజు
బకెట్టు సున్నం, కొత్త కుంచె పట్టుకుని
గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను.
యాభై నాలుగేళ్ళలో అదే మొదటిసారి.
మా వైపు ఏటేటా తెల్లబడే గోడకి
ఇటు ఉత్త ఇటుక, నాచు.
తడి సిమెంటు మీద మేకుతో రాసిన పేరు:
జొన్నకూటి దీనమ్మ.
ఆవిడకో ఇంటిపేరు ఉందని
అక్కడ తెలిసింది నాకు.

కొవ్వొత్తులు పట్టుకుని సువార్త వచ్చింది.
నన్ను చూసింది, బకెట్టు చూసింది.
"సున్నం వద్దక్కా," అంది.
"గడ్డపలుగు పట్రండి."

విచారణ సంఘంలో మాట పెట్టాను.
నలుగురు చేతులెత్తారు, పదకొండుమంది ఎత్తలేదు,
ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు.
మా తమ్ముడు జోజిరెడ్డి లేచి
కుక్కలు రాకుండా కట్టిన గోడ అది, అన్నాడు.
గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కుక్కలు అటునుంచే వస్తాయి.
వాడు మాట్లాడక నెల దాటింది.

నష్టపోయినదాన్నన్న గర్వంతో
సువార్త దగ్గరికెళ్ళి చెప్పాను:
నేను పోయాక మీ వైపే పెట్టమని రాసిస్తాను.

ఆమె సూదిమందుల ట్రే సర్దుకుంటూనే నవ్వింది.
వెటకారం లేదు. అలసట ఉంది.
"పోయాక సంగతి పోయాక, అక్కా.
బాబుకి సంబంధాలు చూస్తున్నారటగా,
ఫారంలో ఏం రాశారు?"

ఫారం ఇదిగో, నా ముందే ఉంది.
ఫ్యాను గాలికి మూల లేస్తోంది.
క్రైస్తవులం అని రాసి, ఆ పక్కనే
నా గుండ్రటి అక్షరాలతో:
ఆర్.సి. రెడ్లు మాత్రమే.
మాత్రమే కింద గీత కూడా నేనే గీశాను.
స్కేలు పెట్టి.

పెన్ను తీశాను. మూత పెట్టాను.
మళ్ళీ తీశాను.
వాడినింకా అడగలేదు.
వాడి మనసులో ఎవరైనా ఉందేమో,
ఈ గీత చూసే నోరు మూసుకున్నాడేమో,
అదీ అడగలేదు.

గోడ అక్కడే ఉంది. ఆ సంగతి మర్చిపోను.
దానికి కావలసిన పలుగు
ఎవరి చేతిలో బరువో ఇప్పుడు తెలుస్తోంది.

రేపు గురువారం.
ఫారం తీసుకునే వెళ్ళాలి.
ముందు నేనే మాట్లాడకూడదు.